పిల్లల బండి కొనేముందు: పాప ముక్కు ఎంత ఎత్తులో ఉంటుంది?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో సాయంత్రం పూట నడుస్తుంటే గుజరాతీ, మరాఠీ, హిందీ మాటల మధ్య తెలుగు కూడా చెవిన పడుతుంది. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు, వారి వెంట మరికొందరు, తరాలుగా ఇక్కడ స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఈ ఇళ్లలో పసిబిడ్డకు మొదటి పడక చీర ఉయ్యాల, మొదటి వాహనం అమ్మ చంక. ఇప్పుడు ఆ వరుసలోకి స్ట్రోలర్ అనే నాలుగు చక్రాల బండి కూడా వచ్చి చేరింది.

అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. లిఫ్టు లేని భవనంలో రెండో అంతస్తు గది. మూడేళ్ల బాబు, మూడు నెలల పాప. బండి కొందామని కోడలు అంటే అత్తగారు పెదవి విరుస్తారు. "గా బండెందుకు బిడ్డా, చంకల ఏసుకుంటే పాయె గదా!" "ఇద్దర్నెట్ల ఎత్తుకోను అత్తమ్మా?" అని కోడలి ప్రశ్న. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అయితే దుకాణానికి వెళ్లాక వీరి ముందు పెట్టేవి రంగులు, కప్పు పెట్టుకునే గుంటలు, బొమ్మలు వేలాడే కడ్డీలు. బిడ్డ ఆరోగ్యానికి సంబంధించిన కొలతలను అడిగేవారు తక్కువ, చెప్పేవారు మరీ తక్కువ.

ఆ కొలతల్లో మొదటిది ఎత్తు. బండిలో కూర్చున్న లేదా పడుకున్న బిడ్డ ముక్కు నేల నుంచి సుమారు 55 నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. తోసే అమ్మ ముక్కు అంతకు రెట్టింపు ఎత్తులో ఉంటుంది. మోటార్‌సైకిళ్లు, ఆటోలు, కార్ల పొగ గొట్టాలన్నీ సాధారణంగా నేల నుంచి ఒక మీటరు లోపే ఉంటాయి. అంటే పొగ గొట్టం నుంచి వెలువడిన గాలి చెదిరి పలచబడకముందే బిడ్డ ముక్కుకు అందుతుంది. అమ్మ దాకా వచ్చేసరికి దాని గాఢత కొంత తగ్గుతుంది. ఒకే రోడ్డు, ఒకే సమయం, ఒకే బండి. పీల్చే గాలి మాత్రం వేరు.

ఇది ఊహ కాదు. బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయంలో గాలి కాలుష్యంపై పరిశోధించే ఆచార్యుడు ప్రశాంత్ కుమార్ బృందం ఈ విషయాన్ని కొలిచి చూసింది. పిల్లలను బడికి దింపే, తెచ్చే సమయాల్లో గిల్డ్‌ఫర్డ్ వీధుల్లో పరికరాలు అమర్చిన బండ్లను నడిపించింది. తోసే పెద్దవారితో పోలిస్తే బండిలోని బిడ్డకు అందే కాలుష్యం కొన్ని సందర్భాల్లో 44 శాతం దాకా ఎక్కువగా ఉంటుందని 2020లో ప్రకటించింది. ఒకదాని కింద ఒకటిగా రెండు సీట్లు ఉండే జంట బండ్లలో కింది సీటు బిడ్డకు పై సీటు బిడ్డకంటే ఎక్కువ కాలుష్యం అందుతున్నట్లు కూడా గమనించింది. బండికి తొడుగు వేస్తే సన్నని కణాలు 39 శాతం దాకా తగ్గాయి. ఈ తొడుగు సంగతికి మళ్లీ వద్దాం. చల్లని గిల్డ్‌ఫర్డ్‌లో మేలు చేసినది సూరత్ ఎండలో అదే మేలు చేయాలని లేదు.

పసిబిడ్డ విషయంలో ఈ తేడాకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే వారి ఊపిరి వేగం వేరు. పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తే, నవజాత శిశువు 40 నుంచి 60 సార్లు తీస్తుంది. ఒంటి బరువులో కిలోకు లెక్కగడితే బిడ్డ లోపలికి వెళ్లే గాలి పెద్దవారికంటే ఎక్కువ. ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్న దశ కూడా ఇదే.

సూరత్ గాలి గురించి ఒక మాట చెప్పుకోవాలి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఉన్న నగరాల్లో ఇదొకటి. బట్టల పరిశ్రమల పొగ గొట్టాల నుంచి వచ్చే ధూళి కణాల మీద ప్రపంచంలోనే మొదటి ఉద్గార వాణిజ్య పథకాన్ని గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో ఇక్కడే ప్రారంభించింది. అనుమతించిన మేరకంటే తక్కువ ధూళి వదిలిన కర్మాగారం మిగిలిన అనుమతులను అమ్ముకోవచ్చు, ఎక్కువ వదిలినది కొనుక్కోవాలి. పథకంలో చేరిన కర్మాగారాల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గినట్లు ఆర్థికవేత్తల అధ్యయనం తేల్చింది. సంతోషించదగ్గ విషయమే. కానీ అది ఎత్తైన గొట్టాల సంగతి, ఊరంతటి గాలి సంగతి. కూడలిలో ఎర్రదీపం దగ్గర బండి ముందు ఆగిన ఆటో సంగతి వేరు. దానికి పథకం అక్కర్లేదు. రెండడుగులు వెనక్కి జరగడం, రోడ్డు అంచున కాక ఇళ్ల వైపున నడవడం, వీలైతే పెద్ద రోడ్డుకు సమాంతరంగా ఉన్న సందులోంచి వెళ్లడం చాలు. వాహనాల పొగ గాఢత రోడ్డు నుంచి దూరం జరిగేకొద్దీ వేగంగా తగ్గిపోతుంది.

కాబట్టి దుకాణంలో అడగాల్సిన మొదటి వస్తువు టేపు. సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. రెండు బండ్లు మిగతా అన్నింటిలో సమానమైతే ఎత్తైన సీటు ఉన్నదే మేలు. అయితే ఎత్తు పెరిగితే గరిమనాభి కూడా పైకి పోతుంది, బండి పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల సీటు ఎత్తుగా ఉన్న బండికి చక్రాల మధ్య ఎడం కూడా తగినంత ఉండాలి.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బండి తోసుకుంటూ బయలుదేరిన ఏ తల్లయినా చేసే పని ఒకటుంది. బిడ్డ ముఖాన ఎండ పడకుండా బండి మీద పల్చటి గుడ్డ కప్పుతుంది. ప్రేమతో చేసే పనే. కానీ ఇదే అన్నింటికంటే ప్రమాదకరమైన అలవాటు.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. మస్లిన్ అనే పల్చటి నూలు గుడ్డను పొడిగా కప్పినప్పుడు బండి లోపలి వేడి బయటికంటే రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగింది. కాస్త మందపాటి ఫ్లానెల్ రకం గుడ్డతో పెరుగుదల మూడున్నర డిగ్రీలు దాటింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. గుడ్డ ఎండను పీల్చుకుని వేడెక్కి ఆ వేడిని లోపలికి కూడా వదులుతుంది. లోపల బిడ్డ ఒంటి వేడి ఉంది. ఆ రెంటినీ తీసుకుపోవాల్సిన గాలి గుడ్డ దగ్గరే ఆగిపోయింది. నీడ ఇచ్చామనుకున్నాం, నిజానికి కిటికీ మూశాం. దీనికి తోడు నవజాత శిశువుకు ఒంటి బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం పెద్దవారికి రెండింతలకు పైగా ఉంటుంది. చెమట పట్టే సామర్థ్యమూ తక్కువే. అందుకే పరిసరాల వేడి వారికి త్వరగా ఎక్కుతుంది.

అదే పరిశోధనలో మరో ఫలితం కూడా ఉంది. ఆ మస్లిన్ గుడ్డనే తడిపి కప్పి, బండికి చిన్న ఫ్యాను బిగిస్తే లోపలి వేడి బయటికంటే దాదాపు 5 డిగ్రీలు తగ్గింది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది.

ఇక్కడ సూరత్ వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోకపోతే పొరపడతాం. తడి గుడ్డ ఎంతవరకు చల్లబడగలదో చెప్పే కొలతను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. గాలిలో తేమ 20 శాతమే ఉన్న చోట, 40 డిగ్రీల ఎండలో ఈ కొలత సుమారు 23 డిగ్రీలు. అంటే ఆవిరి కావడం వల్ల 17 డిగ్రీల దాకా చల్లదనానికి అవకాశం ఉంది. సముద్రానికి దగ్గరగా ఉన్న సూరత్‌లో జూన్ నెల ఉక్కపోత వేరు. 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే తడి బల్బు కొలత 29 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అవకాశం 5 డిగ్రీలు మాత్రమే. వేసవి మొదట్లో కరీంనగర్‌లో పనిచేసిన తడిగుడ్డ వానకాలం ముందు సూరత్‌లో అంతగా పనిచేయదు. గుడ్డ ఆరితే మళ్లీ పొడిగుడ్డ కథే. కాబట్టి తడిగుడ్డ వాడినా ఒక వైపు తెరిచి ఉంచాలి, గుడ్డ ఆరకముందే తడపాలి, ఫ్యాను రెక్కలు చిట్టి వేళ్లకు అందకూడదు. అన్నింటికంటే ముందు, నడిమధ్యాహ్నం ప్రయాణం మానుకోగలిగితే మానుకోవాలి.

బండి ఎంపికలో దీని అర్థం ఏమిటంటే, పైన విడిగా గుడ్డ కప్పే అవసరం రాని బండి కావాలి. ముందుకు బాగా వంగి వచ్చే పైకప్పు ఉండాలి. వెనక, పక్కల జాలీ కిటికీలు ఉండాలి. పైకప్పు ఎండను ఆపుతుంది, గాలిని ఆపదు. గిల్డ్‌ఫర్డ్ తొడుగు సంగతి కూడా ఇంతే. కాలుష్య కణాలను ఆపే తొడుగు గాలినీ ఆపుతుంది. కూడలి దాటే రెండు నిమిషాలు వేసి తీయవచ్చేమో గానీ, సూరత్ ఎండలో గంట సేపు వేసి ఉంచకూడదు. వాన కోసం ఇచ్చే ప్లాస్టిక్ తొడుగుకూ ఇదే వర్తిస్తుంది. వాన వెలిసిన మరుక్షణం తీసేయాలి.

గుడ్డ విషయంలో లింబాయత్ మగ్గాల వారికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. సూరత్ మగ్గాల మీద నడిచేది ఎక్కువగా పాలిస్టర్ లాంటి కృత్రిమ దారమే. స్ట్రోలర్ సీట్లూ చాలావరకు పాలిస్టర్‌వే. సాధారణ తేమలో నూలు తన బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టుకుంటే, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. ఉతికితే త్వరగా ఆరుతుంది, మన్నుతుంది, అందుకే తయారీదారులకు ఇష్టం. బిడ్డ వీపు చెమటను మాత్రం అది పీల్చుకోదు. పరిష్కారం ఖరీదైనది కాదు. పాత నూలు చీర ముక్కనో, పల్చటి తువ్వాలునో సీటు మీద ముడతల్లేకుండా పరిచి, అది జారి ముఖం మీదికి రాకుండా అంచులు సీటు కిందికి గట్టిగా దోపాలి. మెత్తటి దిండ్లు, బొంతలు పెట్టకూడదు.

మూడో కొలత చక్రానిది. సందుల్లో రాళ్లు తేలిన చోట, మురుగు కాలువ పలక కాస్త లేచిన చోట చిన్న చక్రాల బండి టక్కున ఆగిపోవడం చూసే ఉంటారు. లెక్క చూడండి. చక్రం వ్యాసం 14 సెంటీమీటర్లు, ఎదురుగా 2 సెంటీమీటర్ల ఎత్తు పలక అనుకుందాం. చక్రాన్ని అడ్డంగా తోసి దానిపైకి ఎక్కించాలంటే, ఆ చక్రం మీద ఎంత బరువుందో దాదాపు అంత బలమూ కావాలి. చక్రం వ్యాసం 30 సెంటీమీటర్లయితే ఆ బరువులో 58 శాతం బలం సరిపోతుంది. పలక ఎత్తు చక్రం వ్యాసార్ధానికి సమానమైతే ఎంత తోసినా ఎక్కదు. అలాంటప్పుడు చేతిపిడిని కిందికి నొక్కి ముందు చక్రాలను లేపడమే మార్గం, గునపంతో రాయిని లేపినట్లు.

మరి పెద్ద చక్రాల బండే కొనవచ్చు కదా అంటే, రెండో అంతస్తు గుర్తు చేసుకోవాలి. పెద్ద చక్రాల బండ్లు 10 కిలోలు దాటడం మామూలే. చంకలో బిడ్డ, చేతిలో బండి, పక్కన మూడేళ్ల బాబు, ఎదురుగా ఇరుకు మెట్లు. ఈ బరువు సమస్య పాతదే. 1733లో ఇంగ్లాండులో విలియం కెంట్ అనే శిల్పి ఒక జమీందారు పిల్లల కోసం చేసిన బండిని మేకో, చిన్న గుర్రమో లాగేది. దానికి మెట్ల బాధ లేదు. తేలికైన బండి కోసం 1965 దాకా ఆగాల్సి వచ్చింది. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం చక్రాల అమరికపై పనిచేసిన ఇంజినీరు ఓవెన్ మెక్‌లారెన్, తన కుమార్తె బరువైన పిల్లల బండితో పడే పాట్లు చూసి అల్యూమినియం గొట్టాలతో గొడుగులా మడిచే బండిని రూపొందించాడు. దాని బరువు సుమారు 3 కిలోలు. నేటి చవక బండ్లలో చాలావాటికి అదే మూలం.

ఆ మడత కీళ్లలో ఒక ప్రమాదమూ ఉంది. బండి విప్పుతున్నప్పుడు బిడ్డ వేలు కీలు మధ్య పడితే నలుగుతుంది. అమెరికాలో 12 మంది పిల్లల వేలికొసలు తెగిన ఘటనలు నమోదైన తర్వాత, 2009లో మెక్‌లారెన్ సంస్థే సుమారు 10 లక్షల బండ్ల యజమానులకు కీళ్లపై బిగించే తొడుగులు పంపింది. బంధువుల ఇంటి నుంచి పాత బండి తెచ్చుకునేవారు ముందుగా చూడాల్సినవి ఈ కీళ్లే. తర్వాత బ్రేకు, బెల్టు. బెల్టు భుజాలు, నడుము, కాళ్ల మధ్య కలిపి అయిదు చోట్ల పట్టేదై ఉండాలి. (స్ట్రోలర్‌ను, పిల్లలను నిలబెట్టి నడిపించే చక్రాల వాకర్‌ను ఒకటే అనుకోకండి. వాకర్ల అమ్మకాన్ని కెనడా 2004లోనే నిషేధించింది.)

కూరగాయల సంచి కథ కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది ప్రతి ఇంటిదీ. 6 కిలోల బండి, 8 కిలోల బిడ్డ, రెండింటి బరువూ వెనక ఇరుసుకు 20 సెంటీమీటర్లు ముందు ఉందనుకుందాం. ముందుకు పట్టే భ్రామకం 14ను 20తో గుణిస్తే 280. చేతిపిడికి, అంటే ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక, 5 కిలోల సంచి తగిలిస్తే వెనక్కి లాగేది 150. బండి నిలుస్తుంది. ఇల్లు చేరి బిడ్డను ఎత్తుకున్నారు. ఇప్పుడు ముందుకు పట్టేది 6ను 20తో గుణిస్తే వచ్చే 120 మాత్రమే. బండి వెల్లకిలా పడుతుంది, టమాటాలు మెట్ల మీద దొర్లుతాయి. అది నవ్వుకునే ప్రమాదం. కానీ బిడ్డ నిద్రపోయిందని సీటును వెనక్కి వాల్చితే బిడ్డ బరువు ఇరుసుకు 10 సెంటీమీటర్ల దగ్గరికి జరుగుతుంది. ముందుకు పట్టేది 200. సంచి 7 కిలోలైతే వెనక్కి లాగేది 210. ఈసారి బండి బిడ్డతో సహా పడుతుంది. సరుకులు సీటు కింది బుట్టలోనే పెట్టాలని చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే. మూడేళ్ల బాబు చేతిపిడికి వేలాడడమూ ఇలాంటిదే.

పాపకు మూడు నెలలే కాబట్టి ఇంకో షరతు ఉంది. నవజాత శిశువు తల ఒంటి పొడవులో నాలుగో వంతు. మెడ కండరాలు ఆ బరువును ఇంకా మోయలేవు. కూర్చోబెట్టినట్లు ఉన్న సీటులో తల ముందుకు వాలి గడ్డం ఛాతీని తాకితే, మెత్తటి శ్వాసనాళం నలిగి ఊపిరి ఇబ్బంది కావచ్చు. ఏడుపు కూడా వినిపించకపోవచ్చు. అందుకే సుమారు ఆరు నెలల దాకా పూర్తిగా చదునుగా వాలే సీటు ఉన్న బండే వాడాలి. గొడుగు మడత బండ్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉండదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే వైద్యుణ్ని అడిగే నిర్ణయించుకోవాలి.

బిడ్డ అమ్మ వైపు తిరిగి ఉండే సీటు దొరికితే ఆ ఊపిరిని చూస్తూ నడవవచ్చు. దానివల్ల మరో లాభమూ ఉంది. డండీ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త సుజాన్ జీడిక్ 2008లో బ్రిటన్ వీధుల్లో చేయించిన పరిశీలనలో, ఎదురెదురుగా ఉన్నప్పుడు పెద్దలు బిడ్డతో మాట్లాడటం దాదాపు రెట్టింపుగా కనిపించింది. బయట నాలుగు భాషలు వినిపించే ఊళ్లో బిడ్డ చెవిన తెలుగు పడేది ఎక్కువగా అమ్మ, నానమ్మల నోటి నుంచే.

మరి ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి జంట బండి కొనాలా? పక్కపక్క సీట్ల బండ్లు సాధారణంగా 70 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. ఇంటి తలుపును, సందులో బైకులు నిలిపాక మిగిలే దారిని కొలిస్తే సమాధానం అక్కడే తెలిసిపోతుంది. ఒకదాని కింద ఒకటి ఉండేవాటిలో కింది సీటు బిడ్డ పొగ గొట్టానికి మరింత చేరువవుతుంది. కవలలైతే వేరే దారి ఉండకపోవచ్చు. ఈ కుటుంబానికి మాత్రం జంట బండి వద్దనే నా అభిప్రాయం. చదునుగా వాలే సీటు, జాలీ ఉన్న పైకప్పు, 17, 18 సెంటీమీటర్ల చక్రాలు, 7, 8 కిలోల బరువు ఉన్న ఒంటరి బండి చాలు. కొనేముందు దుకాణం మెట్ల మీద ఒకసారి ఎత్తి చూసుకోవాలి. సరిగ్గా బరువు తూగే బండి దొరక్కపోతే చక్రం విషయంలో రాజీ పడవచ్చు, చదును సీటు విషయంలో పడకూడదు.

కొన్నాక కూడా అత్తగారి మాట పూర్తిగా కొట్టేయాల్సిన పని లేదు. రద్దీ రోడ్డు మీద, మోకాలి లోతు వాననీటిలో, బస్సు ఎక్కేటప్పుడు బిడ్డకు చంకే మంచిది. పాప ముక్కు అమ్మ ఛాతీ ఎత్తుకు, అంటే పొగ గొట్టాలకు పైకి చేరుతుంది. అలాంటి రోజున బండిలో బాబు కూర్చుంటాడు, పాపను చీరతో గుండెకు కట్టుకోవచ్చు. అయితే ఎండాకాలంలో రెండు ఒళ్ల వేడి కలుస్తుంది కాబట్టి మధ్యమధ్య విప్పాలి. పాప ముఖం ఎప్పుడూ అమ్మకు కనిపిస్తుండాలి, గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి, తొడలు విచ్చుకుని మోకాళ్లు పిరుదులకంటే కాస్త పైకి ఉండాలి. తుంటి కీలు సరిగ్గా ఎదగడానికి అనువైన భంగిమ అది. అత్తగారు పిల్లలను చంకన వేసుకునే తీరు చూడండి, కాళ్లు రెండు వైపులా అలాగే ఉంటాయి.